లెక్కల్లో తప్పిన ఇంకో నెరెయిదా

పోయిన వారం నెరెయిదాను కాలేజీ మెట్ల మీద, మిట్టమధ్యాహ్నపు ఎండలో కూర్చోబెట్టి నేను చక్కా వెళ్ళిపోయాను. నన్ను తిట్టుకున్నవాళ్ళు తిట్టుకునే ఉంటారు. ఆవిడ అక్కడ ఎందుకు కూలబడిందో మరచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు వెళ్తాను.

నెరెయిదా మగయోన్‌కి నలభై మూడేళ్ళు. పగలంతా షెడ్డులో పీచ్ పళ్ళు పెట్టెలకెత్తి, సాయంత్రాలు మా ఊరి రెండేళ్ళ కాలేజీకి వెళ్ళి చదువుకుంది. రెండేళ్ళ చదువుకి ఆరేళ్ళు పట్టింది. ఒక టర్ముకి ఒక క్లాసు, ఓపిక ఉంటే రెండు, అలా కూడబెట్టుకుంటూ వచ్చి ఈ ఏప్రిల్లో పెద్ద యూనివర్సిటీలో సీటు తెచ్చుకుంది. సర్కారు యూనివర్సిటీ. ఆగస్టులో తిన్నగా మూడో సంవత్సరంలో చేరాలి, అదీ లెక్కల విభాగంలో. ఆ తర్వాత హైస్కూల్లో లెక్కల టీచరు. ఆ కబురు విని షెడ్డులో అందరూ కేకు కోసుకున్నారు. అక్కడ పదకొండేళ్ళు పళ్ళు ఏరినదాన్ని కాబట్టి, మానేసి చాన్నాళ్ళయినా నాకూ ఓ ముక్క పంపించారు.

అంతా బాగుందనుకుంటూ ఉండగా సోమవారం నాడు అరాకెలియన్ మేడమ్ పిలిపించింది. ఈ చిన్న కాలేజీ నుంచి పెద్ద యూనివర్సిటీలకి పిల్లల్ని దాటించే పని ఆవిడది. ముప్ఫై ఏళ్ళుగా అదే పని చేస్తోంది. ఇరవై ఏళ్ళ కిందట పక్క జిల్లా కాలేజీలో నెరెయిదా పేరున, ఆమె పుట్టిన తేదీన, సర్కారు ఆమెకిచ్చిన సోషల్ నంబరున ఒక టర్ము చదువు ఉందని యూనివర్సిటీ వాళ్ళు కనిపెట్టారు. అర్జీలో చదివిన కాలేజీలన్నీ రాయాలి. ఇది రాయలేదు. "నేను ఆ గడపే తొక్కలేదు మేడమ్" అంది నెరెయిదా. "అయితే ఎవరో నీ పేరు వాడుకున్నారు. పోలీసులకి ఫిర్యాదు చేసి, ఆ కాగితం శుక్రవారంలోగా నాకు తెచ్చియ్యి. అది ఉంటే నీ సీటుకి ఢోకా లేదు. లేకపోతే కావాలని దాచావని రాసుకుని తీసేస్తారు" అంది మేడమ్. ఆ మాట విని బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది మన నెరెయిదా.

ఇప్పుడు మంగళవారం. మా సంత మంగళవారాలూ శనివారాలూ. పొద్దున పదిన్నరకే నేల మీద కాలు పెట్టలేని వేడి. పాత డ్రిల్లు మిషన్లు, పంజరాల్లో కోళ్ళు, మామిడిముక్కల మీద కారం చల్లే బండ్లు, వాటన్నిటి మధ్య నీలం పట్టా కింద తెన్చా కొట్టు. తెన్చా అసలు పేరు ఒర్తెన్సియా. ఆ పేరుతో ఆమెను ఎవరూ పిలవరు. నెరెయిదాకి అక్క, ఏడేళ్ళు పెద్ద. నెరెయిదా పదిహేనో ఏట వాళ్ళమ్మ పోతే, ఆ తర్వాత తల్లీ తనే, తండ్రీ తనే. కూర వండుకునే నాగజెముడు మట్టలు ముల్లు లేకుండా చెక్కి, ముక్కలు కోసి, సంచుల్లో పోసి అమ్ముతుంది. ఆవిడ చెక్కిన మట్టలో ముల్లు దొరికిందన్న మనిషిని నేనింతవరకూ చూడలేదు.

"వచ్చావా టీచరమ్మా" అంది తెన్చా తలెత్తకుండానే. "చేతులు ఊపుకుంటూ వచ్చినట్టున్నావు. ఆ సంచుల మూతులకి ముళ్ళెయ్యి."

"నాకు పనుంది అక్కా. నీతోనే పని."

"ముళ్ళేస్తూ చెప్పు. నోటికీ చేతులకీ ఏమీ సంబంధం లేదు."

నెరెయిదా కూర్చుంది. నాగజెముడు జిగురు ఒకసారి అంటుకుంటే అంత తేలిగ్గా వదలదు, అయినా చెయ్యి పెట్టింది. మేడమ్ చెప్పిందంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ తెన్చా కత్తి ఆడుతూనే ఉంది.

"మూడింటికి పోలీస్ స్టేషనుకి వెళ్తున్నా. నువ్వు నాతో రావాలి. ఆ ఏడు నేనిక్కడ లేనని సాక్ష్యం చెప్పాలి. మేము ఉత్తరాన వాషింగ్టన్ రాష్ట్రంలో యాపిల్ తోటల్లో ఉన్నాం కదా. నాకు బ్రీసా పుట్టింది ఆ చలికాలమే."

"పోలీస్ స్టేషనుకి నేనా? వచ్చే నెల తొమ్మిదిన నా కాగితాల ఇంటర్వ్యూ పెట్టుకుని?"

ఆ మాటలో న్యాయం ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ పళ్ళతోటల లోయలో ఉంటున్నా తెన్చాకి ఈ దేశంలో ఉండనిచ్చే కాగితాల్లేవు. నెరెయిదా ఇక్కడ పుట్టింది, తెన్చా సరిహద్దు అవతల మిచోకాన్‌లో పుట్టింది. తేడా అంతే. సర్కారు మాఫీ పెట్టి అందరికీ కాగితాలిచ్చిన ఏడాది ఆవిడ ఇంకా అక్కడే అమ్మమ్మ దగ్గర ఉంది. కొడుకు రమీరో సైన్యంలో చేరాక ఇన్నాళ్ళకి, సైనికుల తల్లులకి ఉన్న ఒక దారి దొరికింది. అర్జీ పెట్టి, వేలిముద్రలిచ్చి, ఇప్పుడు ఇంటర్వ్యూ దాకా వచ్చింది.

"నువ్వు బయట బండిలోనే కూర్చో, సరే. ఒక ఉత్తరం రాసిచ్చినా చాలు."

పక్క కొట్టు దోన్ ఫెర్మీన్ పాత రెంచీలకి నూనె రాస్తూ చెవులు ఇటే పెట్టాడు. ఆయనకి డెబ్భై దాటింది, అందుకే పేరు ముందు ఆ దోన్ అనే మర్యాద. ఇతరుల సంగతులు వినడం తన హక్కని ఆయన నమ్మకం.

"పేరు పోతే పోలీసులకి చెప్తారా ఎవరైనా?" అన్నాడు. "నేను ద్రాక్షతోటలో నాలుగేళ్ళు ఎవరివో కాగితాలు పెట్టుకుని రూబెన్‌ని. రూబెన్ అని పిలిస్తే పలకడం మరిచిపోయి ఒకసారి కూలి కూడా పోగొట్టుకున్నా. అసలు రూబెన్ ఎవడో నాకిప్పటికీ తెలీదు. మంచోడే అయ్యుంటాడు."

"పనికోసం వాడుకుంటే నేనేమీ అనను దోన్ ఫెర్మీన్. పొట్టకూటికి ఎవరైనా చేస్తారు. నా నంబరు పెట్టుకుని ప్లమ్ పళ్ళు ఏరుకోమనండి, నారింజలు కోసుకోమనండి." నెరెయిదా తన సంచిలోంచి మేడమ్ ఇచ్చిన మార్కుల కాగితం తీసి ఊపింది. "ఇది చూడండి. నా పేరు పెట్టుకుని కాలేజీకి పోయింది. పోయి ఊరుకుందా? లెక్కల్లో తప్పింది! నేను, లెక్కల్లో ఎఫ్! ఆరేళ్ళలో ఒక్క బి కూడా రానివ్వలేదు నేను లెక్కల్లో!"

"అది మాత్రం ఘోరం" అన్నాడు దోన్ ఫెర్మీన్.

"చరిత్రలో కూడా ఎఫే. ఎవరో మొద్దుమొహంది. దానికి భిన్నాలు కూడా వచ్చి ఉండవు. రానప్పుడు క్లాసులో ఎందుకు కూర్చోవడం? పోయి ఎవరి పేరు మీద తప్పాలో వాళ్ళ పేరు మీద తప్పొచ్చుగా!"

ఇంతలో టోపీ పెట్టుకున్న ఒకావిడ వచ్చి రెండు సంచులు తీసుకుంది. ముళ్ళు లేవు కదా అని అడిగింది. తెన్చా ఒక ముక్క తీసి తన చెంపకి రాసుకుని చూపించింది. ఆవిడ నవ్వి వెళ్ళిపోయింది. నెరెయిదా మాత్రం ఆగలేదు.

"లెక్కల విభాగం వాళ్ళు ఈ ఎఫ్ చూసి ఏమనుకుంటారు? 'దీనికి అప్పట్లో కూడికలు కూడా రావు, ఇప్పుడెలా వచ్చాయి' అనుకోరూ? సిగ్గులేని మొద్దు."

"భిన్నాలు వచ్చు" అంది తెన్చా.

"ఎవరికి?"

"సమీకరణాలు కూడా వచ్చు. మధ్యలో పెట్టిన రెండు పరీక్షలూ బాగానే రాసింది. చివరి పరీక్షకి వెళ్ళలేదు, అంతే. తప్పడం వేరు, వెళ్ళకపోవడం వేరు."

నెరెయిదా చేతిలో సంచి ముడి సగంలో ఆగిపోయింది. దోన్ ఫెర్మీన్ రెంచీ పక్కన పెట్టి, ఏదో పనున్నట్టు కొట్టు వెనక్కి వెళ్ళాడు. ఆయనకి హక్కులూ తెలుసు, మర్యాదా తెలుసు.

"అక్కా."

తెన్చా చెక్కిన మట్టనే మళ్ళీ చెక్కుతోంది. మట్ట పలచబడి చిరిగింది.

"అక్కా, నా మొహం చూడు."

"చూస్తే ఏముంది? నా మొహంలాంటిదే."

"నువ్వా?"

"నేనే" అంది తెన్చా. కత్తి కింద పెట్టింది. "అరవకు. సంతంతా వింటుంది."

నెరెయిదా అరవలేదు. ఎవరో ముక్కూమొహం తెలియని దొంగ కోసం రాత్రంతా కూడబెట్టుకున్న కోపం ఆమెలో ఇంకా అలాగే ఉంది. దాన్ని తన అక్క మీద ఎలా పెట్టాలో తెలియలేదు.

"ఎందుకు?"

"ఎందుకేమిటే? చదువుకుందామని. నాకు ముప్ఫై ఏళ్ళు కూడా లేవప్పుడు. నర్సు అవుదామనుకున్నా. కాలేజీకి పోయి అడిగితే కాగితాల్లేనివాళ్ళు పది రెట్లు కట్టాలన్నారు. ఇంటికొచ్చి ఏడ్చా. తర్వాత ఇంకో ఊరి కాలేజీకి పోయి నీ పేరు రాశా. నీ ఫారాలన్నీ అమ్మ పోయినప్పట్నుంచీ నింపింది నేనేగా. స్కూలు ఫారం, డాక్టరు ఫారం, నీ పెళ్ళి లైసెన్సు. నీ నంబరు నాకు నోటికొచ్చు. నా పేరు రాయడం కంటే నీ పేరు రాయడమే నాకు బాగా అలవాటు."

"నాతో చెప్పొచ్చుగా."

"ఒక్క టర్మే కదా, అయ్యాక చెబుదామనుకున్నా. అయ్యేలోగా నువ్వు ఫోన్ చేశావు."

నెరెయిదాకి ఆ ఫోను గుర్తుంది. నవంబరు నెలాఖరు. బిడ్డ నెల ముందే వచ్చేసింది. మొగుడు పొద్దున్నే కొమ్మలు కత్తిరించే పనికి వెళ్ళిపోయేవాడు. పరాయి ఊరు, మంచు, ట్రైలర్ ఇంట్లో ఒక్కతే బాలింత. "అక్కా, నాకు భయంగా ఉంది" అని మాత్రం అంది. మర్నాటికి మర్నాడు తెన్చా వచ్చి తలుపు కొట్టింది, చంకలో రెండేళ్ళ రమీరోతో. ఇరవై రెండు గంటలు బస్సులో వచ్చింది.

"నలభై రోజులు ఉన్నావు" అంది నెరెయిదా మెల్లగా.

"ఉండక? బాలింతని నలభై రోజులు కాకుండా ఎవరు వదుల్తారు? అమ్మ ఉంటే అమ్మ వచ్చేది. అమ్మ లేదు. నీ నడికట్టు కట్టేదెవరు? ఆ చలిలో చెవుల్లో దూది కూడా పెట్టుకోకుండా తిరిగేదానివి నువ్వు."

"ఆ కోడి పులుసు. రోజూ కోడి పులుసు. నలభై రోజుల తర్వాత నాకు కోడిని చూస్తేనే ఏడుపొచ్చేది."

"తాగావుగా. లేచి తిరిగావుగా."

"పరీక్షలున్నాయని ఒక్క మాట అనలేదు నువ్వు."

"అంటే నువ్వు వెళ్ళిపొమ్మనేదానివి. వెళ్ళిపొమ్మని, నేను బస్సెక్కాక ఏడ్చేదానివి. నీ సంగతి నాకు తెలీదా?"

ఇక్కడ నా మాట ఒకటి చెప్పుకోవాలి. ఈ లోయలో ఇంకొకరి పేరు మీద ముసలివాళ్ళయిపోయినవాళ్ళని నేను ఎంతమందినో చూశాను. ఇంకొకరి పేరు మీద చదువుకోబోయి, ఆ పేరుగల మనిషికే పథ్యం వండిపెట్టడానికి చదువు వదిలేసి వెళ్ళినదాన్ని మాత్రం తెన్చానొక్కదాన్నే చూశాను. నాకు ఆవిడంటే చాలా ఇష్టం. ఆ విషయం ఈ కథలో ఇంతవరకూ దాచుకున్నాను.

అయితే నెరెయిదాకి ఇష్టం వేరు, మంట వేరు. మంట ఇంకా దిగలేదు.

"అర్జీ నింపిన రోజు నువ్వు నా పక్కనే కూర్చున్నావు. 'ఇంతకు ముందు వేరే ఏ కాలేజీలోనైనా చదివారా' అని నేను పైకి చదివాను. చదివానా లేదా?"

"చదివావు."

"నువ్వేమన్నావు?"

తెన్చా ఏప్రాన్ అంచుతో చేతులు తుడుచుకుంది. అప్పటికే అవి పొడిగానే ఉన్నాయి.

"'నువ్వెక్కడ చదివావే, లేదని పెట్టు' అన్నా."

"అక్కా!"

"నువ్వు చదవలేదుగా! అబద్ధమేమీ చెప్పలేదు. ఇరవై ఏళ్ళ నాటి కాగితం, ఎప్పుడో చెదలు తినేసి ఉంటుందనుకున్నా. కంప్యూటర్లకి చెదలు పట్టవని నాకెవరు చెప్పారు?"

నెరెయిదాకి నవ్వొచ్చింది. వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది. కాగితం అక్క ఒళ్ళోకి విసిరింది.

"ఇదిగో నీ ప్రోగ్రెస్ రిపోర్టు. చూసుకో."

తెన్చా కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకుంది. రెండు ఎఫ్‌లు చూసి పెదవి విరిచింది. వేలు పైకి జరిపింది. అక్కడ ఆగింది.

"ఇదేమిటే? ఇంగ్లీషు ఎదురుగా ఏ అని ఉంది."

"ఉంది. ఆ దొంగమొహంది ఇంగ్లీషులో మాత్రం గట్టిదే."

"ఏ ఇచ్చాడా?" తెన్చా కాగితాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుంది. "నేను చూడనే లేదు. ఫలితాలొచ్చేసరికి నేను నీ దగ్గరే ఉన్నాను. తర్వాత అడగడానికి భయమేసింది. ఆ మాస్టారు మంచివాడు. ఇంట్లో పురుడని చెబితే ఆఖరి వ్యాసం పోస్టులో పంపమన్నాడు. మీ ట్రైలర్లో, పొయ్యి పక్కన కూర్చుని రాశా. నువ్వూ నీ కూతురూ నిద్రపోయినప్పుడు."

"దేని మీద?"

"ఇంట్లో మనిషి గురించి రాయమన్నాడు. నీ నలభై రోజుల గురించి రాశా." తెన్చాకి హఠాత్తుగా నవ్వు తన్నుకొచ్చింది. "కానీ పేరు నీదిగా! కింద నెరెయిదా అని సంతకం పెట్టాలి. అందుకని తిప్పి రాశా. అందులో బిడ్డని కన్నది నేను. సేవ చేసింది నువ్వు. పులుసు కాచింది నువ్వు, నడికట్టు కట్టింది నువ్వు. 'మా అక్కకి నేను తప్ప ఎవరూ లేరు' అని మొదలుపెట్టా."

నెరెయిదా జిగురు చేతులతోనే అక్క మెడ చుట్టూ చేతులేసి, ఏప్రాన్ పట్టీలో మొహం పెట్టేసుకుంది. అటు వెళ్ళేవాళ్ళు ఎవరో చనిపోయారనుకుని నెమ్మదిగా నడిచారు. ఒకాయన టోపీ కూడా తీశాడు.

"లే, లే. బేరాలు పోతున్నాయి" అంది తెన్చా, ఆమె వీపు నిమురుతూనే.

కాసేపటికి నెరెయిదా లేచి, సంచిలోంచి పోలీసు ఫిర్యాదు ఫారం తీసింది. రాత్రి కూర్చుని సగం నింపుకుంది దాన్ని. నాలుగు మడతలు పెట్టి, చెక్కిన ముళ్ళు పోసే బకెట్లో పడేసింది.

"స్టేషనుకి వెళ్ళడం లేదు. వాళ్ళు వెతకడం మొదలుపెడితే నీ దగ్గరికే వస్తారు."

"మరి మీ మేడమ్‌కి ఏం చెప్తావు?"

"ఆ చదువు నాదే అంటాను."

"అంటే నువ్వు దాచావని రాసుకుంటారు. సీటు పోతుంది. ఇందాక నువ్వేగా చెప్పావు?"

"పోనీ. షెడ్డు ఎక్కడికీ పోదుగా."

"షెడ్డు అన్నావంటే ఈ కత్తి నీ మీదకే వస్తుంది!" తెన్చా నిజంగానే కత్తి అందుకుంది. "ఆరేళ్ళు! పాదాలు వాచిపోయి ఇంటికొచ్చి, మళ్ళీ బూట్లు తొడుక్కుని క్లాసుకి వెళ్ళేదానివి. నీ పిల్లకి అన్నం పెట్టి, నీకు డబ్బాలో సర్ది ఇచ్చింది ఎవరు? నేను. ఆ సీటులో సగం నాది. నా సగం నేను వదల్ను."

"నిజం చెబితే నీ కాగితాలు పోతాయి. ఆ కాలేజీ ఫారంలో 'ఈ దేశ పౌరురాలివా' అని అడిగి ఉంటారు. ఏం రాశావు?"

తెన్చా కత్తి దించింది. "నీ పేరు రాశాక 'కాదు' అని ఎలా రాస్తా?"

"అవునని రాశావా?"

"గడిలో టిక్కు పెట్టా." ఆవిడ గొంతు తగ్గింది. "లాయరు మొదటి రోజే అడిగాడు. ఎప్పుడైనా ఎక్కడైనా పౌరురాలినని రాశావా, రాస్తే ఇప్పుడే చెప్పు, దేనికైనా మాఫీ ఉంటుంది గానీ దానికి ఉండదు అన్నాడు. లేదన్నా. ఆ టిక్కు సంగతి నాకు ఆ క్షణంలో గుర్తుంది. గుర్తుండే లేదన్నా."

రెండు దారులే ఉన్నాయి. నిజం చెబితే అక్కకి ఈ దేశం పోతుంది, అబద్ధం చెబితే చెల్లెలికి యూనివర్సిటీ పోతుంది. లెక్కల మనిషి కదా, నెరెయిదా మూడో దారి కోసం చాలా వెతికింది. దొరకలేదు.

"నాకు యాభై ఏళ్ళు" అంది తెన్చా. "ముప్ఫై ఒక్క ఏళ్ళు కాగితాల్లేకుండా బతికా. ఇంకో ముప్ఫై బతకడం నాకు కొత్త కాదు. నీకలా కాదు."

"నిన్ను పంపించేస్తే?"

"పంపిస్తే మిచోకాన్‌లో నాగజెముడు అమ్ముతా. అక్కడ ఇంకా బాగా కాస్తుంది."

"అలాంటి మాటలు మాట్లాడకు!"

"అయితే నువ్వూ షెడ్డు మాట ఎత్తకు."

అప్పుడు మోగింది ఫోను. బల్ల మీద, సంచుల మధ్య. నెరెయిదా చేతులు రెండూ జిగురు. మోచేత్తో దగ్గరికి లాక్కుని, మడిచిన వేలి కణుపుతో నొక్కి, స్పీకరులో పెట్టింది. అరాకెలియన్ మేడమ్.

"నెరెయిదా, స్టేషనుకి వెళ్ళావా?"

"ఇంకా లేదు మేడమ్."

"ఆగు అయితే. పాత కాలేజీ వాళ్ళు ఫైలు పంపారు. మెయిల్ ఇప్పుడే వచ్చింది. అందులో అప్పటి గుర్తింపు కార్డు కూడా ఉందట. ఫోటోతో." అవతల తలుపు వేసిన చప్పుడయింది. "నేనింకా తెరవలేదు. తెరిస్తే, చూసింది చూసినట్టు యూనివర్సిటీకి రాయాలి. అది నా ఉద్యోగం. తెరవకముందు నిన్ను ఒక మాట అడుగుదామనిపించింది. ఈ కుర్చీలో ముప్ఫై ఏళ్ళుగా కూర్చున్నానమ్మా. ఆ ఫోటోలో ఎవరుంటారో నీకు తెలుసా?"

నెరెయిదా అక్క వైపు చూసింది. దోన్ ఫెర్మీన్ ఎప్పుడొచ్చాడో, తన కొట్టులో మోగుతున్న రేడియో కట్టేశాడు.

"తెరవకండి మేడమ్" అంది నెరెయిదా. "ఆ చదువు నాదే."

"నిన్న గడపే తొక్కలేదన్నావు."

"మరచిపోయాను."

"లెక్కల మనిషివి. ఒక టర్మంతా మరచిపోయావా?"

"మరచిపోయాను మేడమ్. కావాలంటే రాసిస్తాను. సీటు తీసేస్తే తీసెయ్యమనండి. మీరు మాత్రం తెరవకండి."

అవతల నిట్టూర్పు వినిపించింది. "నువ్వు రాసిస్తే నేను పంపాల్సిందే. ఒకసారి పంపానంటే ఇక నా చేతుల్లో ఏమీ ఉండదు. బాగా ఆలోచించుకునే చెప్తున్నావా?"

"ఆలోచించుకునే..."

"తెరవండి మేడమ్" అంది తెన్చా.

బల్ల మీదికి వంగింది. నెరెయిదా "వద్దక్కా" అంటూ ఫోన్ కట్టెయ్యబోయింది. ఎర్రగుర్తు మీద ఎన్నిసార్లు నొక్కినా జిగురు వేలికి అది పలకలేదు. అక్క చెయ్యి వచ్చి ఆమె మణికట్టుని పట్టుకుంది, గట్టిగా, స్కూలుకెళ్ళే రోజుల్లో రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టు.

"ఎవరు మాట్లాడేది?" అంది మేడమ్.

కాలేజీ మనుషులకి తన పేరు తను చెప్పుకోవడం తెన్చాకి జీవితంలో అదే మొదటిసారి. అందుకేనేమో కళ్ళజోడు సర్దుకుని, నిటారుగా నిలబడి చెప్పింది.

"ఒర్తెన్సియా మగయోన్. ఆ ఫోటోలో ఉన్నది నేనే."